టికెట్ కన్నా ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో, స్నేహితులతో కలిసి కారేసుకుని మ్యాచ్‌లకు వెళ్లేవాళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉత్సాహంగా ఉంది. టికెట్లు ఎప్పుడు కొనాలో, ఏ జెర్సీలు వేసుకోవాలో, దారిలో ఎక్కడెక్కడ ఫొటోలు దిగాలో అన్నీ రాశారు. మ్యాచ్ అయ్యాక ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆట ముగిశాక అదే హుషారుతో రాత్రికి రాత్రే ఇంటిదారి పట్టొచ్చన్నట్టుగా వ్యాసం ఆగిపోయింది. ఆ ముగింపు నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, కుదిరినంత వేసుకోండి.

నాకు 48 ఏళ్లు. కాలేజీలో వాలీబాల్ ఆడాను, సెట్టర్‌గా, అంటే కొట్టేవాళ్లకి బంతిని నెట్ దగ్గర ఎత్తి ఇచ్చే పని. ఆ జట్టులో నలుగురం ఇప్పటికీ ఒకరినొకరు వదల్లేదు. మాకంటే ఒక ఏడాది సీనియర్, అప్పటి కెప్టెన్, మాకు ఇప్పటికీ అక్కే. మిగతా ఇద్దరూ స్పైకర్లు, ఆ బంతిని ఎగిరి అవతలికి కొట్టేవాళ్లు. చదువులు, పెళ్లిళ్లు, పిల్లలు, బదిలీలు అన్నీ అయ్యాక, పదకొండేళ్ల కిందట ఒకరోజు అక్క ఫోన్ చేసి, "ఏమే, ఆడటం ఎటూ అయిపోయింది, చూడ్డానికైనా వెళ్దామా?" అంది. అప్పటి నుంచి ఏడాదికోసారి నలుగురం ఒకే కారులో బయల్దేరి ఏదో ఒక ఆట చూసొస్తున్నాం. క్రికెట్, హాకీ, కబడ్డీ, అథ్లెటిక్స్, వాలీబాల్. ఏదైనా సరే, టీవీలో కాకుండా కళ్లెదురుగా చూడాలి. అదొక్కటే మా పట్టుదల.

మూడో ఏడాది జరిగింది చెప్పాలి.

అది డే నైట్ వన్డే. పొద్దున అయిదున్నరకి లేచాం. మధ్యాహ్నానికల్లా స్టేడియం చేరాం. రోజంతా అరిచాం, ఎగిరాం, గొంతులు పోయాయి. మ్యాచ్ పదీ నలభైకి అయింది. పార్కింగ్‌లోంచి బయటపడేసరికి ఇంకో గంటా పది నిమిషాలు. మర్నాడు ఇద్దరికి ఆఫీసు, ఒకరికి స్కూలు. గది తీసుకుంటే సెలవు పెట్టాలి, ఖర్చు కూడా. పొద్దున్నే ఇంట్లో ఉండొచ్చు కదా అని బయల్దేరాం. ఆ మాట మొదట అన్నది నేనే.

కారు నడుపుతున్నది మా స్పైకర్లలో ఒకామె. నలుగురిలో బాగా నడిపేది తనే. ముందు సీట్లో నేను. తనతో మాట్లాడుతూ ఉండటం నా పని. మూడు దాటాక నాకే కునుకు పట్టేసింది. ఎడమ చక్రాలు రోడ్డంచు దిగి కంకర మీద పడ్డ చప్పుడుకి కళ్లు తెరిచాను. తన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. మనిషి మాత్రం అక్కడ లేదు. వెనక సీట్లోంచి అక్క ఒక కేక పెట్టింది. కోర్టులో బంతి చెయ్యి దాటిపోతుంటే పెట్టే కేక అది. తను ఉలిక్కిపడి బ్రేక్ తొక్కింది. కారు ఇటూ అటూ ఊగి ఆగింది. బంపర్‌కి జానెడు దూరంలో కిలోమీటరు రాయి.

అయిదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఇండికేటర్ ఎవరి చెయ్యి తగిలి పడిందో, టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నాలుగు టికెట్ ముక్కలు జారి నా కాళ్ల దగ్గర పడ్డాయి. చేతులు వణుకుతున్నా వంగి ఒక్కొక్కటే ఏరి పర్సులో పెట్టుకున్నాను. ఆ మ్యాచ్‌లో చివరి ఓవర్ ఎవరు వేశారని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ రాయి మీది అంకె మాత్రం చెప్పగలను.

తర్వాత నేను దీని గురించి చాలా చదివాను. పదిహేడు, పద్దెనిమిది గంటలుగా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, చూపు, చేతి వేగం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతాయని పరిశోధకులు పరీక్షలు పెట్టి మరీ చూశారు. ఆ రాత్రికి మేం దాదాపు 22 గంటలుగా మేలుకుని ఉన్నాం. చుక్క మందు ముట్టని నలుగురు ఆడవాళ్లం, తాగి నడిపేవాళ్లతో సమానంగా రోడ్డు మీద ఉన్నామన్నమాట. కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని సెకన్లు నిద్రలోకి జారిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే 110 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా మామూలుగా 105 మీటర్లు ఉంటుంది. ఆ పొడవంతా డ్రైవర్ లేకుండానే దాటేస్తాం. అద్దం దించుకోవడం, పాటల సౌండ్ పెంచడం, ముఖం మీద నీళ్లు చల్లుకోవడం ఇవేవీ ఆ నిద్రని ఆపలేవు. నిద్రకి మందు నిద్రే. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు వరకూ ఒళ్లు తనంతట తనే నిద్ర కోరుకునే వేళ. రాత్రి మ్యాచ్ చూసి బయల్దేరితే సరిగ్గా ఆ వేళకే హైవే మధ్యలో ఉంటాం.

అప్పటి నుంచి మాకు ఒకటే నియమం. మ్యాచ్ చూసిన రాత్రి స్టీరింగ్ ముట్టుకోం. మా ప్లాన్ అక్కడే మొదలవుతుంది. నలుగురికీ మ్యాచ్ మర్నాడు కూడా సెలవు దొరుకుతుందా అని మొదట చూస్తాం. దొరక్కపోతే ఆ మ్యాచ్ వదిలేస్తాం, ఎంత పెద్ద మ్యాచైనా సరే. దొరికితే స్టేడియానికి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది చూస్తాం. టికెట్ ఆ తర్వాతే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. టికెట్ దొరికిందన్న సంబరంలో మిగతాదంతా తర్వాత చూసుకుందాం అనుకుంటారు. ఆ తర్వాత అనేది చివరికి అర్ధరాత్రి పార్కింగ్‌లో ఇంజన్ ఆన్ చేశాక వస్తుంది.

ఆట ఎన్నింటికి ముగుస్తుందో ఎవరూ చెప్పలేరన్నది కూడా ప్లాన్ చేసేవాళ్లు మర్చిపోతారు. 2023 ఐపీఎల్ ఫైనల్ గుర్తుందా? అహ్మదాబాద్‌లో మే 28న జరగాలి. వానకి ఒక్క బంతి కూడా పడలేదు. రిజర్వ్ డే, అంటే వాన పడితే ఆడటానికని ముందే పక్కన పెట్టిన రోజు, 29కి వాయిదా వేశారు. 29 రాత్రి గుజరాత్ 214 కొట్టాక, చెన్నై ఇన్నింగ్స్ మూడు బంతులు పడగానే మళ్లీ వాన. చివరికి 15 ఓవర్లలో 171 చేయాలన్నారు. ఆఖరి రెండు బంతులకి పది పరుగులు కావాల్సి ఉంటే జడేజా సిక్స్, ఫోర్ కొట్టి గెలిపించాడు. అప్పటికి తేదీ 30, టైం రాత్రి ఒకటిన్నర దాటింది. 28 రాత్రే తిరిగి వెళ్దామని వచ్చినవాళ్లలో కొందరు జెర్సీలతోనే రైల్వే స్టేషన్ నేల మీద పడుకున్న ఫొటోలు అప్పట్లో అందరం చూశాం. టికెట్ కాగితం పారేయొద్దు, మర్నాడు అదే చెల్లుతుందని నిర్వాహకులు ప్రకటించారు. మా అక్క అప్పటి నుంచి ఏ టికెట్ అయినా చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ తెస్తుంది.

2019 ప్రపంచకప్ సెమీఫైనల్ కూడా అంతే. మాంచెస్టర్‌లో జులై 9న న్యూజిలాండ్ 46.1 ఓవర్ల దగ్గర ఉండగా వాన వచ్చి ఆట ఆగింది. మిగిలిన 23 బంతులూ, మన ఇన్నింగ్స్ మొత్తం మర్నాడే. మొదటి రోజుకి మాత్రమే సెలవు పెట్టుకుని వచ్చినవాడు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి మన బ్యాటింగ్ చూడకుండానే వెళ్లిపోయి ఉంటాడు. జడేజా 77, ధోనీ రనౌట్, 18 పరుగుల ఓటమి అతనికి ఎయిర్‌పోర్టులో ఫోన్ తెర మీద తెలిసి ఉంటాయి. ఓడినా సరే, అక్కడుండి ఏడవడం వేరు. టెన్నిస్‌లో అయితే గడియారం లెక్కే లేదు. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ ఆడిన మ్యాచ్ 11 గంటల 5 నిమిషాలు సాగింది, మూడు రోజుల్లో. చివరి సెట్ ఒక్కటే 70-68.

కాబట్టి షెడ్యూల్ చూసేటప్పుడు మొదట అడగాల్సింది, ఈ మ్యాచ్‌కి రిజర్వ్ డే ఉందా లేదా అని. మామూలు లీగ్ మ్యాచ్‌లకి చాలావరకూ ఉండదు, ఫైనల్ లాంటి వాటికి ఉంటుంది. వాన పడితే ఆట ఎంతవరకు కుదిస్తారో కూడా తెలిసుండాలి. మామూలుగా టీ20 అయితే రెండు జట్లకీ కనీసం అయిదేసి ఓవర్లు, వన్డే అయితే ఇరవయ్యేసి పడితేనే ఫలితం తేలుతుంది. ఇది తెలియక వాన పడగానే లేచి వెళ్లిపోయినవాళ్లని చూశాను. రెండు గంటల తర్వాత అయిదేసి ఓవర్ల మ్యాచ్ జరిగింది. బయట ట్రాఫిక్‌లో ఉన్నవాళ్లకి ఆ కేకలు వినపడే ఉంటాయి.

టెస్టు మ్యాచ్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఇంకో చిక్కు. అయిదు రోజుల్లో ఏ రోజుకి వెళ్లాలి? దీని మీద మా నలుగురికీ ఎప్పుడూ వాదనే. మా స్పైకర్ నాలుగో రోజే అంటుంది. కోల్‌కతాలో 2001 మార్చి 14ని ఉదాహరణగా చూపిస్తుంది. మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగి ఫాలోఆన్ ఆడుతున్న మన జట్టు మూడో రోజు ఆఖరికి 254కి నాలుగు వికెట్లు, ఆస్ట్రేలియా కన్నా ఇంకా 20 పరుగులు వెనకే. మర్నాడు లక్ష్మణ్, ద్రవిడ్ పొద్దున దిగి సాయంత్రం దాకా అవుట్ కాలేదు. ఒక్క రోజులో 335 పరుగులు. మూడో రోజు చూసి ఇక అయిపోయిందని ఇంటికెళ్లినవాడు జన్మలో ఒకసారి దొరికేదాన్ని పోగొట్టుకున్నాడు. నేను మాత్రం మొదటి రోజే అంటాను. కేప్‌టౌన్‌లో 2024 జనవరి 3న మొదలైన టెస్టు 4న అయిపోయింది. మొత్తం 642 బంతులు, ఫలితం తేలిన టెస్టుల్లో ఇంత తక్కువ బంతులది ఇంకోటి లేదు. మొదటి రోజు పొద్దున సిరాజ్ 15 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీస్తే దక్షిణాఫ్రికా 55కి ఆలౌట్. ఆ రోజే 23 వికెట్లు పడ్డాయి. మూడో రోజు టికెట్ కొనుక్కున్నవాడికి తాళం వేసిన గేటు మిగిలింది. ఈ వాదన మాలో తేలలేదు, తేలదు కూడా. టెస్టు అయితే ఒక్క రోజు కోసం వెళ్లకండి, వరసగా రెండు రోజులకి తీసుకోండి అన్నది మాత్రం నలుగురం ఒప్పుకునే మాట.

సీటు విషయం. అందరూ ధర చూసి, లేదంటే కెమెరాకి కనపడతామా అని చూసి కొంటారు. సూర్యుడు ఎటున్నాడో చూడాలి. మధ్యాహ్నం ఆటకి పడమటి వైపు స్టాండ్‌లో కూర్చుంటే ఎండ వీపు వెనక్కి పోతుంది, త్వరగా నీడ పడుతుంది. తూర్పు వైపు కూర్చుంటే సాయంత్రం దాకా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉండాలి. క్రికెట్ పిచ్ మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, దిగుతున్న పొద్దు బ్యాటర్ కళ్లలో పడకూడదని. న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో మాత్రం పిచ్ తూర్పు పడమరలుగా ఉంది. 2019 జనవరిలో అక్కడ మన వన్డే మధ్యలో ఎండ కళ్లలో కొడుతోందని ఆటే ఆపేశారు. అందుకని బంతి గాల్లో వంగి స్వింగ్ అవుతున్నది కళ్లారా చూడాలంటే ఉత్తరం గానీ దక్షిణం గానీ చివర, బౌలర్ వెనక కూర్చోవాలి. నీడ కావాలంటే పడమట పక్కన. రెండూ కావాలంటే కుదరడం కష్టం. మేం నీడ వదులుకుంటాం, టోపీలు పెట్టుకుంటాం.

వాలీబాల్‌కి మాత్రం నా మాట వినండి. నెట్ పక్కన సీట్ల కోసం అందరూ ఎగబడతారు. మీరు కోర్టు చివర, ఎండ్ లైన్ వెనక కూర్చోండి. కోచ్‌లు వీడియో తీయించుకునేది అక్కడి నుంచే. పక్కన కూర్చుంటే బంతి ఒక్కటే అటూ ఇటూ పోతుంటుంది. చివర కూర్చుంటే అవతలి జట్టు బ్లాక్, అంటే నెట్ దగ్గర ఎగిరి బంతిని అడ్డుకునేవాళ్లు, ఎటు జరుగుతోందో, సెట్టర్ దాన్ని ఎలా ఏమారుస్తోందో మొత్తం కనపడుతుంది.

డబ్బు, బాధ్యతల గురించి కాస్త. స్నేహాలు చెడేది ఇక్కడే, మొహమాటం వల్ల. మేం గది, టికెట్లు బుక్ చేసే ముందే నలుగురం సమానంగా ఒకచోట డబ్బు వేస్తాం. ఖర్చంతా దాంట్లోంచే. ఒకరు రాసిపెడతారు, ఇంటికొచ్చిన రోజే లెక్క తేలుస్తారు. చివరి నిమిషంలో ఎవరైనా రాలేకపోతే వాళ్ల వాటా వాళ్లదే, బదులుగా ఇంకొకరిని తెస్తే తప్ప. ఇది వినడానికి కటువుగా ఉంటుంది. ఒకసారి నాకే అమ్మ ఆసుపత్రిలో ఉండి వెళ్లలేకపోయాను, వాటా ఇచ్చాను. ముందే అనుకున్న మాట కాబట్టి నాకు బాధ లేదు, వాళ్లకి ఇబ్బంది లేదు.

డ్రైవింగ్ రెండేసి గంటలకి మారతాం, అలుపు రాకపోయినా ఆగుతాం. ముందు సీట్లో ఉన్నవాళ్లు పడుకోకూడదు. పడుకోవాలనిపిస్తే చెప్పి వెనక్కి మారాలి. ఆ కిలోమీటరు రాయి దగ్గర తప్పు డ్రైవర్‌ది ఒక్కదానిదే కాదు, నాది కూడా అని ఇప్పటికీ అనుకుంటాను. వెనక సీట్లో కూడా బెల్టు. టైర్లలో గాలి బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, నడిచాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది. నలుగురు మనుషులు, సామాను ఎక్కితే గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద విడిగా రాసి ఉంటుంది. స్టెపినీలో గాలి చూడటం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒకసారి గేటు దగ్గర మా టికెట్లు తెరుచుకోలేదు. ఒకరి ఫోన్లోనే నాలుగూ ఉన్నాయి. వేలమంది ఒకేచోట నిలబడేసరికి నెట్ ఆగిపోయింది. స్క్రీన్‌షాట్ చూపిస్తే కుదరదన్నారు, అందులో కోడ్ క్షణక్షణం మారుతుందట. నలభై నిమిషాలు నిలబడ్డాం. లోపలి నుంచి జాతీయ గీతం వినపడుతోంది, మేం బయట. అప్పటి నుంచి ఎవరి టికెట్ వాళ్ల ఫోన్లో, గది దగ్గరే తెరిచి దించుకుని పెట్టుకుంటాం. కొన్నిచోట్ల పవర్‌బ్యాంక్ లోపలికి రానివ్వరు కాబట్టి ఫోన్ నిండా ఛార్జ్ చేసుకునే వెళ్తాం. తప్పిపోతే కలవాల్సిన చోటు కూడా ముందే అనుకుంటాం, ఫోన్ల మీద ఆధారపడకుండా.

ఆడవాళ్ల గుంపుకి ఇంకో రెండు విషయాలు ఉంటాయి. స్టేడియం నుంచి గదికి నడిచే దారిలో దీపాలు ఉన్నాయా అని వెలుతురుండగానే ఒకసారి నడిచి చూస్తాం. బాత్రూమ్‌లు ఏ గేటు దగ్గరున్నాయో సీట్లోకి వెళ్లేటప్పుడే చూసుకుంటాం. మగవాళ్లు రాసే వ్యాసాల్లో ఇవి ఉండవు. బాత్రూమ్ క్యూలో నిలబడి రెండు వికెట్లు చూడకుండా పోగొట్టుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

రాత్రి ప్రయాణం లేకపోతే ఇంకో లాభం ఉంది, అది మాకు మొదట తెలీదు. ఆట అవ్వగానే పరుగెత్తక్కర్లేదు. అందరూ మెట్ల మీద తోసుకుంటుంటే మేం అరగంట సీట్లోనే కూర్చుంటాం. ఖాళీ అవుతున్న స్టేడియాన్ని చూడటం నాకు చాలా ఇష్టం. బౌలర్ కాలు పడి గుంటలు పడ్డ చోట గ్రౌండ్ సిబ్బంది మోకాళ్ల మీద కూర్చుని మట్టి అదుముతుంటారు. కవర్లు లాగుతూ ఒకరినొకరు కేకలేసుకుంటారు. దీపాలు ఒక్కో వరసా ఆరిపోతుంటాయి.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయిన ప్రయాణం ఒక చిన్న ఇండోర్ హాల్‌కి వెళ్లింది. అమ్మాయిల వాలీబాల్ టోర్నీ. టికెట్ లేదు, టీవీ లేదు, చూసేవాళ్లు రెండొందల మంది ఉంటారేమో. బూట్లు నేల మీద కీచుమన్న చప్పుడు, బంతి ముంజేతికి తగిలిన దెబ్బ, సెట్టర్ వీపు వెనక వేళ్లతో చేసే సైగ, అన్నీ పది అడుగుల దూరంలో. మ్యాచ్ అయిదో సెట్‌కి పోయింది. అది 15 పాయింట్లకే అయిపోవాలి, కానీ రెండు పాయింట్ల తేడా రావాలి కదా, 19-17 దాకా లాగింది. మా అక్క లేచి నిలబడి, తనెవరో తెలియని ఆ పిల్లలకి "పైకి చూడు, పైకి!" అని అరుస్తోంది. అయిపోయాక ఓడిన జట్టు సెట్టర్ నెట్ స్తంభానికి ఆనుకుని కూర్చుని వేళ్లకి చుట్టిన టేపు విప్పుకుంటోంది. చూపుడు వేలి టేపు రాలేదు. పళ్లతో పట్టి లాగింది. నేను వెళ్లి పక్కన కూర్చుని, నేనూ సెట్టర్‌నేనమ్మా అన్నాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని నా వేళ్లు చూసింది. పాతికేళ్ల కిందట వంకరపోయిన నా చిటికెన వేలిని తడిమి, "నాదీ ఇలాగే అవుతుందా అక్కా?" అంది. అవుతుంది అన్నాను. నవ్వింది. ఆ రాత్రే తిరిగి వెళ్లిపోవాలని ఉంటే ఆ పిల్ల టేపు విప్పుకునేసరికి మేం టోల్‌గేట్ దగ్గర ఉండేవాళ్లం.

ఇక మీకు నా విన్నపం. ఆ టోర్నీ జరుగుతోందని మాకు తెలిసింది మీ లాంటి ఒక పత్రికలో మొదటి రోజు ఫలితాలు చూసి. రెండు లైన్లు, పేజీ అడుగున. అక్క అప్పటికప్పుడు సెలవు పెట్టించి ముగ్గుర్నీ లాక్కెళ్లింది కాబట్టి చూశాం. అలా ఎన్ని పోయాయో! అమ్మాయిల పోటీలు, జూనియర్ల పోటీలు, రాష్ట్ర స్థాయి అథ్లెటిక్స్ మీట్‌లు, వీటి ఫలితాలు మర్నాడు వేస్తారు. ఎవరో గెలిచారని చదివి ఊరుకోవాల్సిందే. దయచేసి వాటి షెడ్యూల్ ముందుగా వేయండి. నెలకోసారి, ఒక పావు పేజీ చాలు. ఏ తేదీ, ఏ హాలు, ఎన్నింటికి మొదలు, జనాన్ని లోపలికి రానిస్తారా. ఈ నాలుగూ ఉంటే మేం కారు తీస్తాం. రెండొందల మంది ఉన్నచోట రెండొందల నలుగురం ఉంటాం.

పెద్ద మ్యాచ్‌లకి షెడ్యూల్ ఎలాగూ వేస్తారు. దాని పక్కనే ఇంకో లైను చేర్చండి. రిజర్వ్ డే ఉందా, మామూలుగా అయితే ఎన్నింటికి ముగియొచ్చు, వాన పడితే ఎంతవరకు ఆగాలి, లోపలికి ఏవి తేకూడదు. రాత్రి మ్యాచ్ అయితే, ఆ రాత్రి కారు నడపొద్దని కూడా వేయండి. మీరు వేస్తే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చదువుతారు. వాళ్ల అమ్మలు చదివి ఫోన్ చేసి చెబుతారు. నాకూ ఒక కొడుకున్నాడు. పోయిన నెల స్నేహితులతో రాత్రి మ్యాచ్‌కి వెళ్తానన్నాడు. "తిరిగి ఎప్పుడు బయల్దేరతారు?" అని అడిగాను. "అవ్వగానే అమ్మా" అన్నాడు. వాడికి ఆ కిలోమీటరు రాయి సంగతి అంతవరకూ చెప్పలేదు, భయపడతాడని. ఆ రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వాళ్లు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి వచ్చారు.

మా పన్నెండో ప్రయాణం వచ్చే నెలలో ఉంది. మళ్లీ వాలీబాలే. తేదీల కోసం అక్క మూడుసార్లు ఫోన్లు చేసి కనుక్కుంది. ఫైనల్ శనివారం సాయంత్రమట. మేం ఆదివారం పొద్దున టిఫిన్ చేసి బయల్దేరతాం.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒకప్పటి సెట్టర్